క్లెరిక్ కావాలా, పాలడిన్ కావాలా? దైవశక్తి ఉన్న క్లాసుల్లో మీకు సరిపోయేది ఏది

డంజియన్స్ అండ్ డ్రాగన్స్‌లో, అంటే డైస్ వేస్తూ ఒక్కొక్కరు ఒక్కో పాత్ర నడిపే కథల ఆటలో, కొత్త క్యాంపెయిన్ (వారాల తరబడి సాగే కథ) మొదలవుతోందని వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పడగానే మొదట వచ్చే ప్రశ్న ఒకటే: "హీలర్ ఎవరు?" కాసేపు ఎవరూ పలకరు. చివరికి ఒకరు మొహమాటానికి "సరేలే, నేను క్లెరిక్ తీసుకుంటా" అంటారు. కొన్ని వారాలు గడిచేసరికి ఆ మనిషి ఆదివారం మధ్యాహ్నం కొండాపూర్ దాకా బండి వేసుకొచ్చేది పక్కవాళ్ల హిట్ పాయింట్లు (ప్రాణబలం లెక్క) నింపడానికే అన్నట్టు తయారవుతుంది. "అన్నా, ఒక హీల్ వెయ్యవా" తప్ప అతనితో ఎవరూ వేరే మాట మాట్లాడరు.

నిజానికి ఈ ఆట ఐదో ఎడిషన్‌లో (2014 రూల్స్, వాటిని సవరించిన 2024 రూల్స్ రెండూ ఇందులోవే) పడిపోయినవాళ్లను లేపగల దైవశక్తి క్లాసులు, అంటే పాత్రల రకాలు, చాలానే ఉన్నాయి. క్లెరిక్ (పూజారి), పాలడిన్ (ప్రతిజ్ఞ పట్టిన యోధుడు), డ్రూయిడ్ (ప్రకృతిని నమ్ముకున్నవాడు) అందరికీ తెలిసినవే. వాటికి తోడు డివైన్ సోల్ సోర్సరర్ (పుట్టుకతోనే దైవశక్తి ఉన్నవాడు), సెలెస్టియల్ వార్లాక్ (దైవంతో ఒప్పందం చేసుకున్నవాడు) కూడా ఉన్నాయి. చేసే పనులు చూస్తే ఒకదాని మీద ఒకటి పడతాయి. అందుకే ఎంచుకోవడం కష్టం. నా ఉద్దేశంలో "ఎవరు ఎక్కువ హీల్ చేస్తారు" అన్న లెక్కతో మొదలుపెడితే తప్పుడు క్లాసే చేతికొస్తుంది.

ఇంత కలగాపులగం ఎందుకైంది

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన మొదటి ఆటలో క్లాసులు మూడే: ఫైటింగ్ మ్యాన్, మ్యాజిక్ యూజర్, క్లెరిక్. ఆర్నెసన్ టేబుల్‌లో (ఆట గుంపులో) ఒక వాంపైర్ పాత్ర మరీ బలిసిపోతే, దాన్ని వేటాడటానికే క్లెరిక్ పుట్టిందని చెబుతారు. టర్న్ అన్‌డెడ్ (చచ్చి లేచినవాటిని తరిమే) శక్తి ఈ రోజుకీ క్లెరిక్ దగ్గరే ఉండటానికి మూలం అదే. మొదటి లెవెల్‌లో అప్పటి క్లెరిక్‌కి ఒక్క స్పెల్ (మంత్రం) కూడా ఉండేది కాదు. పదునున్న ఆయుధం పట్టుకోకూడదన్న నియమం మాత్రం ఉండేది.

1975లో గ్రేహాక్ సప్లిమెంట్‌తో పాలడిన్, 1976లో ఎల్డ్రిచ్ విజర్డ్రీతో డ్రూయిడ్ వచ్చాయి. 1978 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో డ్రూయిడ్‌ను క్లెరిక్‌కి ఉపక్లాసుగా, పాలడిన్‌ను ఫైటర్‌కి ఉపక్లాసుగా పెట్టారు. ఆ రోజుల్లో పాలడిన్ కావాలంటే మనిషై ఉండాలి, లాఫుల్ గుడ్ (నియమం తప్పని మంచివాడు) అయి ఉండాలి, కరిస్మా (వ్యక్తిత్వ బలం స్కోరు) 17కి తగ్గకూడదు. మూడు డైస్ నేరుగా వేస్తే 17 గానీ 18 గానీ పడే అవకాశం 216లో 4. ఇప్పుడు ఎవరికి కావాలంటే వాళ్లు పాలడిన్ కావచ్చు. నాకైతే ఇదే బాగుంది. డైస్ దయ ఉంటేనే పాలడిన్ అన్న పాత పద్ధతి మీద కొందరికి మమకారం ఉంది, వాళ్లతో వాదించను.

అంటే ఇవన్నీ ఒకే ఇంట్లో పుట్టి వేరు కాపురాలు పెట్టిన క్లాసులు. 2022 ప్లేటెస్ట్‌లో (కొత్త రూల్స్‌ను ముందుగా ఆడి చూసే దశలో) క్లెరిక్, డ్రూయిడ్, పాలడిన్ మూడింటినీ 'ప్రీస్ట్స్' అనే గుంపులో కలిపి చూశారు కూడా. 2024 పుస్తకం వచ్చేసరికి ఆ గుంపు తీసేశారు.

ఎంచుకునే ముందు అడగాల్సినవి

మొదటిది: మీ పాత్రకు శక్తి ఎక్కడి నుంచి వస్తోంది, దానికి ఎవరికి జవాబు చెప్పాలి? కథలో మీ డీఎం (ఆట నడిపే డంజియన్ మాస్టర్) మిమ్మల్ని ఇరుకున పెట్టేది ఇక్కడే.

రెండోది: ఎవరికీ దెబ్బ తగలని రౌండ్‌లో మీరేం చేస్తారు? ఐదో ఎడిషన్‌లో హీలింగ్ 108 అంబులెన్స్ లాంటిది, మనిషి పడిపోయాక పిలిస్తేనే దానికి విలువ. తగిలిన ప్రతి గీతకీ హీల్ వేస్తూ కూర్చుంటే, రాక్షసుడు కొట్టే వేగాన్ని మీరు అందుకోలేరు. కాబట్టి మీ టర్నుల్లో ఎక్కువ భాగం వేరే పనికే పోతాయి. ఆ పని మీకు నచ్చాలి.

మూడోది చదివే ఓపిక. కొన్ని క్లాసులు లాంగ్ రెస్ట్ (పాత్రల రాత్రి విశ్రాంతి) అయిన ప్రతిసారీ పెద్ద జాబితాలోంచి స్పెల్స్ ఏరుకోమంటాయి. కొన్ని లెవెల్ పెరిగినప్పుడు మాత్రమే అడుగుతాయి.

నాలుగోది హాజరు. ఆన్‌కాల్ వారం, రిలీజ్ వారం, ఊళ్లో పెళ్లి. ఏ పుస్తకమూ దీని గురించి రాయదు, కానీ మన దగ్గర టేబుళ్లు ఆగిపోయేది ఎక్కువగా ఇందుకే.

ఐదోది మీ దగ్గరున్న పుస్తకం. క్రియేటివ్ కామన్స్ కింద ఉచితంగా దొరికే ఎస్‌ఆర్‌డీలో (ఆట మూల నియమాల పత్రంలో) ఒక్కో క్లాసుకి ఒక్కో ఉపక్లాసే ఉంటుంది. క్లెరిక్‌కి లైఫ్ డొమైన్, పాలడిన్‌కి ఓత్ ఆఫ్ డివోషన్, డ్రూయిడ్‌కి సర్కిల్ ఆఫ్ ద ల్యాండ్. డివైన్ సోల్, సెలెస్టియల్ అందులో లేవు. ఆ రెండూ 2017లో వచ్చిన జానథార్స్ గైడ్‌లోవి. సెలెస్టియల్‌ను 2024 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లోకి కూడా తెచ్చారు. కొత్తవాళ్లు పైసా ఖర్చు లేకుండా మొదలుపెట్టాలంటే పోటీ మొదటి మూడింటి మధ్యే.

శక్తి ఎవరిది: బోనాల జాతరలో చూద్దాం

మొదటి ప్రశ్నకి యూరప్ కోటలూ చర్చిలూ ఊహించుకుంటూ కష్టపడక్కర్లేదు. ఆషాఢంలో సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి జాతర చూసినవాళ్లకి ఈ తేడాలన్నీ అక్కడే కనబడతాయి.

గర్భగుడిలో నిత్యం సేవ చేసే పూజారి క్లెరిక్. శక్తి దేవతది, అతను దాన్ని భక్తులకు అందించేవాడు. అతనికి ముందు ఆ పీఠం మీద ఇంకొకరున్నారు, తర్వాతా ఉంటారు. రంగం రోజున పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్పే స్త్రీని చూస్తే డివైన్ సోల్ గుర్తొస్తుంది. ఆ మాట శాస్త్రాలు చదివి నేర్చుకున్నది కాదు, ఆమె నోటి నుంచి అది వస్తుంది అంతే. పసుపు పూసుకుని కొరడా తిప్పుతూ చిందులేసే పోతరాజును పాలడిన్ అనబోతారు గానీ, అతను బార్బేరియన్‌లలో జెలట్ అనే ఉపక్లాసుకి దగ్గర. ఒళ్లు తెలియని ఆవేశంలో దైవం పలుకుతుంది. బోనం కుండ చుట్టూ కట్టిన వేపమండలు, చెట్టు కింద రాయికి పెట్టిన బొట్టు డ్రూయిడ్ వైపు.

ఇక ఆ గుడి పుట్టుక కథ. 1813లో సైన్యంలో పనిచేస్తూ ఉజ్జయిని వెళ్లిన సురిటి అప్పయ్య, ఇక్కడ అంటువ్యాధి ప్రబలిందని విని, అది తగ్గితే అమ్మవారిని సికింద్రాబాద్‌లో ప్రతిష్ఠిస్తానని మొక్కుకున్నాడని, తిరిగొచ్చాక మాట నిలబెట్టుకున్నాడని చెబుతారు. సైనికుడు, మాట తప్పలేదు, అయితే పాలడినే కదా? నాకలా అనిపించదు. మొక్కులో షరతు ఉంది: నువ్వు ఇది చేస్తే నేను అది చేస్తాను. ఆట భాషలో చెప్పాలంటే అది వార్లాక్ ఒప్పందం, అవతలి పక్షం మంచిది కాబట్టి సెలెస్టియల్. పాలడిన్ ప్రతిజ్ఞకి షరతు ఉండదు. భీష్ముడు "మీరు ఇది ఇస్తే" అని మొదలుపెట్టలేదు. ఐదో ఎడిషన్‌లో పాలడిన్ శక్తి ప్రధానంగా ఆ ప్రతిజ్ఞ నుంచే వస్తుంది. అసలు దేవుడిని కొలవని పాలడిన్‌ను కూడా ఆడొచ్చు.

పూజారి, ప్రతిజ్ఞ పట్టినవాడు, మొక్కుకున్నవాడు, కారణజన్ముడు, చెట్టూచేమని నమ్ముకున్నవాడు. మీ పాత్ర వీళ్లలో ఎవరో తేలితే సగం ఎంపిక అయిపోయినట్టే.

ఒక చిన్న జాగ్రత్త. ఈ స్ఫూర్తి తీసుకోవడం వేరు, నిజంగా పూజించే అమ్మవారి పేరునే టేబుల్ మీదకి తెచ్చి డైస్ వేయడం వేరు. ఎవరికి ఎక్కడ నొప్పి కలుగుతుందో ముందే తెలియదు. పేరు మార్చి ఒక ఊరి దేవతను అల్లుకోండి. చెరువుగట్టు మీద వెలిసిన తల్లి, జబ్బులూ వానలూ ఆమె చేతిలో. లైఫ్ డొమైన్ గానీ టెంపెస్ట్ డొమైన్ గానీ చక్కగా అతుకుతాయి.

ఒక్క చూపులో

| | క్లెరిక్ | పాలడిన్ | డ్రూయిడ్ | డివైన్ సోల్ సోర్సరర్ | సెలెస్టియల్ వార్లాక్ |
|---|---|---|---|---|---|
| ముఖ్యమైన స్కోరు | విజ్‌డమ్ | స్ట్రెంగ్త్, కరిస్మా | విజ్‌డమ్ | కరిస్మా | కరిస్మా |
| హిట్ డైస్ (డీ8 అంటే ఎనిమిది ముఖాల డైస్) | డీ8 | డీ10 | డీ8 | డీ6 | డీ8 |
| స్పెల్స్ ఏ స్థాయి దాకా | 9 | 5 | 9 | 9 | 9 (పై స్థాయివి రోజుకొక్కసారి) |
| దూరం నుంచి లేపడం | అవును | కాదు, తాకాలి | అవును | అవును | అవును |
| ఎదురెదురు పోరాటం | డొమైన్‌ను బట్టి | చాలా బలం | మూన్ సర్కిల్ (జంతురూపంలో పోరాడే ఉపక్లాసు) అయితే బలం | వద్దు | వద్దు |
| చదవాల్సింది | ఎక్కువ | తక్కువ | అన్నిటికంటే ఎక్కువ | మధ్యస్థం | తక్కువ |
| ఉచిత రూల్స్‌లో | ఉంది | ఉంది | ఉంది | లేదు | లేదు |

ఐదో లెవెల్‌లో ఒక టర్న్

పట్టిక చూసి నిర్ణయించుకోవడం కష్టమే. ఒక దృశ్యం తీసుకుందాం. శ్మశానంలో పోరాటం, అందరూ ఐదో లెవెల్. మీ గుంపులోని రోగ్ (దొంగ పాత్ర) హిట్ పాయింట్లు సున్నాకి పడిపోయి నలభై అడుగుల అవతల ఉన్నాడు. మధ్యలో, మీకు పాతిక అడుగుల దూరంలో రెండు ఘూల్స్ (శవాలు తినే అన్‌డెడ్ రాక్షసులు). మీ టర్న్ వచ్చింది.

క్లెరిక్: బోనస్ యాక్షన్‌తో (టర్న్‌లో అసలు యాక్షన్‌కి తోడు చేయగల చిన్న పనితో) హీలింగ్ వర్డ్ వేస్తారు. దాని పరిధి అరవై అడుగులు, రోగ్ కళ్లు తెరుస్తాడు. అసలు యాక్షన్ ఇంకా చేతిలోనే ఉంది. టర్న్ అన్‌డెడ్ ముప్పై అడుగుల్లో పనిచేస్తుంది, అది స్పెల్ కాదు కాబట్టి అదే టర్న్‌లో వాడొచ్చు. సేవ్ (తప్పించుకోవడానికి వేసే డైస్) తప్పిన ఘూల్స్ పారిపోతాయి. ఈ ఒక్క సందర్భానికి క్లెరిక్‌ను మించింది లేదు.

పాలడిన్: లే ఆన్ హ్యాండ్స్ కోసం రోగ్‌ను తాకాలి, అంత దూరం ఈ టర్న్‌లో చేరలేరు. అందుకని దారిలో ఉన్నదాన్ని తీసేస్తారు. స్ట్రెంగ్త్ 18 ఉన్న పాలడిన్ లాంగ్‌స్వోర్డ్ దెబ్బకి మొదటి స్థాయి స్లాట్ (స్పెల్ వేయడానికి ఖర్చయ్యే వాటా) పెట్టి స్మైట్ (దైవశక్తితో అదనపు దెబ్బ) కలిపితే, అన్‌డెడ్ కాబట్టి అదనపు డీ8తో కలిసి సగటున 22 పడుతుంది. 2014 మాన్‌స్టర్ మాన్యువల్‌లో ఘూల్ హిట్ పాయింట్లు సరిగ్గా 22. రెండో దెబ్బ రెండో ఘూల్ మీదకి. రోగ్ ఇంకా నేల మీదే ఉన్నాడు గానీ వాడిని పీక్కుతినేవాళ్లు తగ్గారు.

డ్రూయిడ్: మామూలు రూపంలో ఉంటే హీలింగ్ వర్డ్ మీ దగ్గరా ఉంది. 2014 రూల్స్‌లో ఎలుగుబంటి రూపంలో ఉంటేనే చిక్కు. ఆ రూపంలో స్పెల్ వేయలేరు. రూపం వదలడానికి బోనస్ యాక్షన్ కావాలి, హీలింగ్ వర్డ్‌కీ అదే కావాలి. రెండూ ఒకే టర్న్‌లో కుదరవు. మూన్ డ్రూయిడ్‌ను ఏకైక హీలర్‌గా పెట్టుకున్న పార్టీకి ఈ సంగతి సరిగ్గా ఎవరో పడిపోయాకే తెలుస్తుంది.

డివైన్ సోల్: హీలింగ్ వర్డ్, తర్వాత ఒక క్యాంట్రిప్ (స్లాట్ ఖర్చవని చిన్న స్పెల్). ఇద్దరు పడి ఉంటే 2014 రూల్స్ ప్రకారం ట్విన్‌డ్ స్పెల్‌తో ఒకే స్లాట్ మీద ఇద్దరినీ లేపొచ్చు.

సెలెస్టియల్ వార్లాక్: హీలింగ్ లైట్ బోనస్ యాక్షన్, పరిధి అరవై అడుగులు, అదీ స్పెల్ కాదు. రోగ్‌ను లేపి, అదే టర్న్‌లో రెండు కిరణాల ఎల్డ్రిచ్ బ్లాస్ట్, లేదంటే పెద్ద స్పెల్ ఏదైనా. స్లాట్ ఖర్చు లేకుండా మనిషి లేచాడు. కొంచెం కుళ్లు పుట్టించే శక్తి ఇది.

క్లెరిక్

హీలర్ అన్న పేరు పక్కనపెట్టి చూస్తే క్లెరిక్ అసలు బలం వేరే చోట ఉంది. ఒకటో లెవెల్‌లోనే బ్లెస్: ముగ్గురికి ప్రతి దాడికీ, ప్రతి సేవ్‌కీ డీ4 అదనం. ఐదో లెవెల్‌లో స్పిరిట్ గార్డియన్స్: మీ చుట్టూ పదిహేను అడుగుల దాకా ఆత్మలు తిరుగుతుంటాయి, దగ్గరికొచ్చిన శత్రువుకి 3డీ8, సేవ్ పడితే సగం. షీల్డ్ పట్టుకుని డాడ్జ్ చేస్తూ గుంపు మధ్యకి నడిస్తే చాలు. ఈ స్పెల్ వాడటం మొదలుపెట్టిన క్లెరిక్ ఇక "హీల్ వెయ్" అన్నవాళ్ల వైపు చూడడు.

డొమైన్ ఎంపికే పాత్రను మార్చేస్తుంది. లైఫ్ నిజమైన హీలర్. లైట్ అయితే ఫైర్‌బాల్ వేసే పూజారి. టెంపెస్ట్ ఉరుములూ మెరుపులూ. ట్రిక్‌స్టర్ దేవుళ్ల భక్తులకి ట్రికరీ ఉంది గానీ, 2014 రూపంలో అది నన్ను ఆకట్టుకోలేదు. 2014లో డొమైన్‌ను మొదటి లెవెల్‌లోనే తీసుకోవాలి, 2024లో మూడో లెవెల్ దాకా ఆగాలి. దానికి బదులుగా 2024లో మొదటి లెవెల్‌లోనే హెవీ ఆర్మర్ దారి వెళ్తారా, అదనపు క్యాంట్రిప్ దారి వెళ్తారా అని అడుగుతుంది.

ఇబ్బందులూ ఉన్నాయి. మంచి స్పెల్స్ చాలావరకు కాన్సంట్రేషన్ (స్పెల్ మీద మనసు నిలిపి ఉంచడం) అడుగుతాయి: బ్లెస్, స్పిరిట్ గార్డియన్స్, 2024లో స్పిరిచువల్ వెపన్ కూడా. ఒకసారికి ఒకటే. పైగా లాంగ్ రెస్ట్ అవగానే జాబితా మొత్తం మళ్లీ మార్చుకునే స్వేచ్ఛ ఉండటంతో కొందరు క్లెరిక్‌లు సెషన్ మొదట్లో పావుగంట పుస్తకంలో తల దూర్చి కూర్చుంటారు. మామూలు రోజుకి ఒక జాబితా ముందే రాసి పెట్టుకోండి, మార్చాల్సి వస్తే ఒకటి రెండే మార్చండి.

పాలడిన్

ఐదో ఎడిషన్‌లో పార్టీ మొత్తాన్ని బతికించే శక్తి ఒక్కటే చెప్పమంటే నేను హీలింగ్ స్పెల్ పేరు చెప్పను, పాలడిన్ ఆరో లెవెల్ ఆరా ఆఫ్ ప్రొటెక్షన్ పేరు చెబుతాను. పది అడుగుల్లో ఉన్న మిత్రులందరి సేవింగ్ త్రోలకి మీ కరిస్మా మాడిఫయర్ (ఆ స్కోరు నుంచి వచ్చే అదనపు సంఖ్య) కలుస్తుంది. యాక్షన్ అక్కర్లేదు, స్లాట్ అక్కర్లేదు. మీరు స్పృహలో ఉంటే చాలు. పైన చెప్పిన ఘూల్ గోరు తగిలి కొయ్యబారిపోవడం, డ్రాగన్ నిప్పు, మనసును లొంగదీసే మంత్రం, అన్నిటి మీదా పనిచేస్తుంది. దెబ్బ పడ్డాక మాన్పడం కంటే పడకుండా చూడటం నయం. ఈ సంగతి గుర్తించని డీఎం ఆరో లెవెల్ తర్వాత తల పట్టుకుంటాడు.

లే ఆన్ హ్యాండ్స్ మీ లెవెల్‌కి ఐదింతల పాయింట్ల నిల్వ. ఆరో లెవెల్‌లో 30. ఒకేసారి 30 పోయడం కంటే, పడిపోయినవాడికి ఒక్కో పాయింటే ఇచ్చి లేపుతూ పోతే ఆ నిల్వ చాలా దూరం వస్తుంది. 2014లో దీనికి యాక్షన్ కావాలి, 2024లో బోనస్ యాక్షన్ చాలు. ఇక్కడే 2024లో ఒక మెలిక ఉంది. డివైన్ స్మైట్‌ను స్పెల్‌గా మార్చి బోనస్ యాక్షన్ కిందికి తెచ్చారు. అంటే ఒకే టర్న్‌లో కొట్టి స్మైట్ చేసి, లే ఆన్ హ్యాండ్స్ కూడా వాడటం కుదరదు, రెంటిలో ఒకటే. పాత పద్ధతిలో రెండు దెబ్బలకీ రెండు స్మైట్లు వేసి బాస్‌ను ఒక్క రౌండ్‌లో పడగొట్టే సరదా కూడా పోయింది. మీ టేబుల్ ఏ పుస్తకంతో ఆడుతోందో ముందు అడగండి, ఎందుకంటే మిగతా క్లాసుల కంటే పాలడిన్ విషయంలో ఆ తేడా ఎక్కువ.

ప్రతిజ్ఞ సంగతి. డివోషన్ అంటే నిజాయితీ, ధైర్యం. వెంజెన్స్ అంటే పగ. ఏన్షంట్స్ అంటే వెలుగు, జీవం, అడవి, అందుకే డ్రూయిడ్ భావానికి దగ్గర. మీ గుంపులో రోగ్ ఊరి మీద పడి దొంగతనాలు చేసే రకమైతే డివోషన్ పాలడిన్ తీసుకుని ప్రతి సెషన్‌నీ పంచాయితీగా మార్చకండి. ప్రతిజ్ఞ మీ పాత్రను ఆపాలి, పక్కవాడి ఆటను కాదు. తప్పితే ఏమవుతుందో డీఎంతో మొదటి రోజే మాట్లాడుకోండి. 2014 రూల్స్‌లో పశ్చాత్తాపం లేని పాలడిన్ ఓత్‌బ్రేకర్ కావచ్చు, కానీ అది డీఎం ఇష్టం.

డ్రూయిడ్

ఈ ఐదింటిలో పవిత్రత తక్కువ, పచ్చదనం ఎక్కువ. క్లెరిక్ స్పెల్స్ చాలావరకు మనుషుల్ని చూసుకుంటాయి, డ్రూయిడ్ స్పెల్స్ నేలను. ఎంటాంగిల్‌తో గడ్డి కాళ్లకి చుట్టుకుంటుంది, గుడ్‌బెర్రీ వేస్తే పది పళ్లు, ఒక్కోటి ఒక హిట్ పాయింట్‌తో పాటు రోజుకి సరిపడా ఆహారం. అడవుల్లో, ఎడారుల్లో నడిచే క్యాంపెయిన్‌కి ఇంతకంటే మంచి తోడు లేదు. కథంతా నగరంలోనే, సందుల్లోనూ దర్బార్లలోనూ నడిస్తే మాత్రం సగం శక్తులు అటకెక్కుతాయి.

మూన్ సర్కిల్‌ను 2014లో రెండో లెవెల్‌లోనే 34 హిట్ పాయింట్ల ఎలుగుబంటిగా మారే క్లాసుగా అందరూ ఎరుగుదురు. 2024లో జంతువు హిట్ పాయింట్లకు బదులు టెంపరరీ హిట్ పాయింట్లు వస్తాయి, మూన్‌కి లెవెల్‌కి మూడింతలు. ఆ తొలి లెవెళ్ల మోత కొంత తగ్గింది. డ్రూయిడ్ కొత్తవాళ్లకి బరువే. స్పెల్ జాబితాకి తోడు జంతువుల వివరాలు కూడా దగ్గర పెట్టుకోవాలి.

కరిస్మా జంట: డివైన్ సోల్, సెలెస్టియల్

డివైన్ సోల్‌కి క్లెరిక్ జాబితా, సోర్సరర్ జాబితా రెండూ తెరిచి ఉంటాయి. ఐదో లెవెల్‌లో హీలింగ్ వర్డ్, ఫైర్‌బాల్ ఒకే మనిషి దగ్గర. డిస్టంట్ స్పెల్‌తో తాకాల్సిన రివివిఫైని (చనిపోయినవాళ్లను బతికించే స్పెల్‌ను) ముప్పై అడుగుల నుంచి వేయొచ్చు. చెప్పుకోవడానికి ఘనంగా ఉంది కదా? కానీ 2014లో ఐదో లెవెల్ సోర్సరర్‌కి తెలిసేవి ఆరు స్పెల్స్, డివైన్ సోల్‌కి ఇంకొకటి అదనం. రెండు జాబితాల ఆశతో వచ్చి ఏడింటితో సరిపెట్టుకోవాలి. పైగా డీ6, ఆర్మర్ లేదు. ముందు వరుసలో ఇంకెవరైనా గట్టిగా నిలబడితేనే ఈ క్లాసు.

సెలెస్టియల్‌ను నేను తరచుగా సిఫారసు చేస్తాను, ముఖ్యంగా "హీల్ చేయగలగాలి గానీ హీలర్ అనిపించుకోవద్దు" అనేవాళ్లకి. హీలింగ్ లైట్‌లో మీ లెవెల్‌కి ఒకటి కలిపినన్ని డీ6లు ఉంటాయి, ఐదో లెవెల్‌లో ఆరు. స్లాట్లు రెండే అయినా షార్ట్ రెస్ట్‌కి (పాత్రల చిన్న విరామానికి) తిరిగొస్తాయి. మీ డీఎం షార్ట్ రెస్ట్ ఇవ్వని రకమైతే ఈ క్లాసు చిక్కిపోతుంది, అది ముందే కనుక్కోండి. కథాపరంగా అవతలి దేవత ఏం అడుగుతుందో, మొక్కు ఎప్పుడు తీర్చుకోవాలో అన్నది డీఎం చేతికి దొరికిన మంచి పగ్గం.

ఎవరికి ఏది

మొదటిసారి ఆడేవాళ్లకి నా మాట పాలడిన్. దగ్గరికి వెళ్లి కొట్టడం, అవసరమైతే తాకి లేపడం, అంతే. మిగతాది లెవెల్ పెరిగే కొద్దీ వస్తుంది.

సగం ఆదివారాలు ఆఫీసు లాక్కుపోయేవాళ్లు క్లెరిక్ జోలికి వెళ్లకండి. మీరు రాని రోజు గుంపు ప్లాన్ మొత్తం మారిపోతుంది. మీ పాత్రను పక్కవాళ్లు నడపాలన్నా ఆ స్పెల్ జాబితా చూసి భయపడతారు. సెలెస్టియల్ వార్లాక్ అయితే ఎల్డ్రిచ్ బ్లాస్ట్, హీలింగ్ లైట్ అని చీటీ మీద రెండు లైన్లు రాసిచ్చి వెళ్లొచ్చు.

రూల్స్ పుస్తకాన్ని ఇష్టంగా చదివేవాళ్లు, ప్రతి సమస్యకీ వేరే పనిముట్టు తీసేవాళ్లు క్లెరిక్ గానీ డ్రూయిడ్ గానీ. క్యాంపెయిన్ నగరంలో అయితే క్లెరిక్, బయట అయితే డ్రూయిడ్.

మాటకారితనం మీ బలమైతే, రాజుగారితోనూ వ్యాపారితోనూ మీరే మాట్లాడాలనుకుంటే, కరిస్మా ఉన్న మూడింటిలో ఒకటి. పాలడిన్‌ను మర్చిపోకండి. హెవీ ఆర్మర్ వేసుకుని దర్బార్లో తెలుగులో నాలుగు మాటలు గట్టిగా అనే పాత్రకి టేబుల్ అంతా చెవులు రిక్కిస్తుంది.

ముగ్గురే ఆటగాళ్లున్న చిన్న గుంపులో డివైన్ సోల్ వద్దు, రక్షణ చాలదు. అక్కడ హెవీ ఆర్మర్ క్లెరిక్ ఒక్కడే ఇద్దరి పని చేస్తాడు.

పాత్‌ఫైండర్ వైపు వెళ్తే

పాత్‌ఫైండర్ ఇదే తరహా ఇంకో ఆట. దాని రెండో ఎడిషన్ రూల్స్ ఆర్కైవ్స్ ఆఫ్ నెథిస్ వెబ్‌సైట్‌లో మొత్తం ఉచితంగా దొరుకుతాయి, ఉపక్లాసులతో సహా. అక్కడ క్లెరిక్‌కి డివైన్ ఫాంట్ కింద హీల్ స్పెల్స్ విడిగా వస్తాయి కాబట్టి మామూలు స్లాట్లు వేరే పనులకి మిగులుతాయి. 'హీలర్‌గా ఇరుక్కుపోవడం' అన్న ఫిర్యాదు ఆ ఆటలో తక్కువ. పాలడిన్ స్థానంలో ఛాంపియన్, అతని బలమంతా పక్కవాడి మీద దెబ్బ పడినప్పుడు వాడే రియాక్షన్‌లో ఉంది. ఒరాకిల్ అయితే శక్తి వాడిన కొద్దీ తన శాపం తనను పీడిస్తుంది. రంగం లాంటి పాత్ర ఆడాలనుకుంటే డివైన్ సోల్ కంటే ఇది బాగా కుదురుతుంది.

ఒకే టేబుల్‌లో ఇద్దరు

ఇద్దరికీ దైవశక్తి పాత్రే కావాలంటే గొడవపడక్కర్లేదు. క్లెరిక్, పాలడిన్ జంట అన్నిటికంటే బాగా నడుస్తుంది. పాలడిన్ ముందు నిలబడితే, క్లెరిక్ ఆరా పరిధిలో ఉండి కాన్సంట్రేషన్ కాపాడుకుంటాడు, ఎందుకంటే ఆ సేవ్‌కీ పాలడిన్ కరిస్మా కలుస్తుంది. ఇద్దరూ ఒకే దేవతకి చెందినవాళ్లయితే ఒకరు గుడి మాట, ఒకరు ప్రతిజ్ఞ మాట పట్టుకుని వాదించుకోవడానికి బోలెడంత చోటు. డ్రూయిడ్, సెలెస్టియల్ జంటకి కూడా ఢోకా లేదు, పనులు పెద్దగా తగలవు.

డివైన్ సోల్, సెలెస్టియల్ ఇద్దరినీ ఒకే గుంపులో పెట్టడం మాత్రం నేను వద్దంటాను. ఇద్దరూ వెనక వరుసే, ఇద్దరిదీ కరిస్మానే, రాజుగారి ముందు ఇద్దరూ ఒకేసారి నోరు తెరుస్తారు. అలా కావాలని పట్టుబడితే మూడో ఆటగాడు పాలడిన్ తీసుకోవడానికి ఒప్పుకున్నాకే క్యారెక్టర్ షీట్లు నింపండి.